వదిలేసిన మాటలు

"ముందు ఆ తెరలు తియ్యి. డాక్టరమ్మ వచ్చేసరికి ఇల్లు ఇల్లులా కనపడాలి. ఇదేదో ఫొటోలు కడిగే చీకటి గదిలా ఉంది" అన్నారు మామయ్య.

"తియ్యను" అంది అత్తయ్య.

కుట్టుమిషను చప్పుడు ఆగలేదు.

పోయిన ఆదివారం మ్యాచ్‌లో అవతలి టీము వాడి తలా మా ఆయన తలా ఢీకొన్న దగ్గర్నుంచి మా హాల్లో వెలుతురన్నది లేదు. కాస్త ఎండ పొడ పడితే చాలు, కళ్ల వెనకాల సూదులు గుచ్చినట్టు ఉంటోందన్నాడు ఆయన. అత్తయ్య లేచి, స్కూలు యూనిఫారాల కోసం తెచ్చుకున్న నీలం గుడ్డ చింపి, కిటికీ తెరల రెండంచులూ కలిపి కుట్టేసింది. నిజంగానే కుట్టేసింది. తియ్యాలంటే కత్తెర కావాలి. ఆ కత్తెర ఆవిడ ఒళ్లో ఉంది.

"నా మాటంటే లెక్క లేకుండా పోయింది ఈ కొంపలో."

"మీ మాట స్కూల్లో. ఇక్కడ ఈల ఊదితే లేచి నిలబడేవాళ్లు ఎవరూ లేరు."

"డాక్టరమ్మ అడుగుతుంది, పట్టపగలు ఈ చీకటేంటని. ఏం చెప్తావ్?"

"ఉన్నదే చెప్తా. నా కొడుకు వెలుతురు చూడలేకపోతున్నాడని చెప్తా."

"చెప్పు! చెప్పి వాడి నోట్లో మట్టి కొట్టు!"

నేను వంటింటి గుమ్మంలో టీ కప్పుల పళ్లెంతో నిలబడిపోయాను. కప్పుల మీద చిన్న చిన్న పసుపు పూలు. పెళ్లికి నా స్నేహితురాళ్లు ఇచ్చిన సెట్టు. ఇంత గొడవలోనూ ఆ పూలు చూస్తే నాకు ముచ్చటేసింది. ఏం చెయ్యను, నా బుద్ధే అంత. పెళ్లై మూడో నెల. ఇప్పటికీ ఎవరైనా "మీ ఆయన" అంటే, ఎవరి ఆయనా అని చూసి, ఓహో నా ఆయనే కదా అని లోపల్లోపల గంతులేస్తున్నాను.

ఒకే గ్లాసులో రెండు బ్రష్షులు ఒకదాని మీద ఒకటి వాలి ఉంటే సంతోషం. గుమ్మం దగ్గర ఆయన ఓడలంత చెప్పుల పక్కన నా చెప్పులు కాగితం పడవల్లా ఉంటే సంతోషం. గదిలో ఆయన్ని "నువ్వు" అంటాను, హాల్లోకి వస్తే "మీరు". గడప దాటుతూ నాలుక మార్చుకోవడం మా ఇద్దరికీ ఒక ఆట. ఒక్కోసారి గుమ్మం మధ్యలో "ను... మీరు" అని తడబడితే ఆయన నవ్వాపుకోలేక దగ్గు నటించేవాడు.

ఇదే పసుపు పూల కప్పుల్ని బల్ల మీద వరసగా పేర్చి నాకు ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో చెప్పాడు. చక్కెర డబ్బా గోల్‌కీపరు. నాకు అర్థమైనా అర్థం కాలేదనే చెప్పాను. మళ్లీ మొదట్నుంచి చెప్తాడని.

ఈ వారంలో ఆయన చక్కెర డబ్బా తెరిచి, అలాగే పట్టుకుని, ఎందుకు తెరిచాడో తెలియక నా వంక చూశాడు. టీలో ఉప్పు వేసుకున్నాడు. తాగేశాడు కూడా.

"అమ్మాయ్, ఆ చాకు ఇలా తీసుకురా" అన్నారు మామయ్య.

నేను కదల్లేదు. ఆయనే వంటింట్లోకి వెళ్లి రొట్టె కోసే చాకు తెచ్చారు. కిటికీ దగ్గర నిలబడి ఒక్కో కుట్టే పుటుక్కు పుటుక్కుమని కోశారు. నీలం గుడ్డ కింద పడింది. మధ్యాహ్నపు ఎండ హాలంతా పరుచుకుంది.

అత్తయ్య మిషను ఆపలేదు. ఎండలో ఆవిడ మొహం చూశాను. ఈ వారంలో అత్తయ్య మొహం పీక్కుపోయిందన్న సంగతి వెలుతురు పడితే గాని నాకు తెలియలేదు.

"ఒరేయ్ చిన్నోడా, రారా" అని పిలిచారు మామయ్య. "వచ్చి ఈ కుర్చీలో కూర్చో. అటు కాదు, కిటికీకి వీపు పెట్టి కూర్చో. డాక్టరమ్మకి ఎండ మొహాన కొడుతుంది, నీకు కొట్టదు."

మా ఆయన గదిలోంచి వచ్చాడు. గడ్డం గీసుకున్నాడు. క్లబ్బు చొక్కా తొడుక్కున్నాడు. కాలేజీలో నేను దూరం నుంచి చూసి మనసు పారేసుకున్న మనిషే, నిటారుగా, నవ్వుతూ. కళ్లు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

"అడిగితే జలుబని చెప్పు" అన్నారు మామయ్య.

"తెలుసు నాన్నా."

నేను పక్కగా వెళ్తూ మెల్లిగా అన్నాను, "వద్దని చెప్పెయ్. ఒక్క మ్యాచే కదా."

"ఒక్క మ్యాచే కాబట్టే" అన్నాడు.

అది నిజం. కాలేజీలో ఆయన ఆడుతుంటే పక్క వీధుల వాళ్లు కూడా గోడలెక్కి చూసేవారు. చదువు అవుతూనే పెద్ద క్లబ్బు పిలిచి తీసుకుంది. మా వాళ్లు ఆ పేరు చూసే పెళ్లికి ఒప్పుకున్నారు. కానీ క్లబ్బుకొచ్చాక ఎక్కువ రోజులు బెంచీ మీదే. "బెంచీ మీద కూర్చోవడం కూడా ఒక పొజిషనే. ఇప్పటిదాకా నన్ను దాటి ఎవడూ గోలు కొట్టలేదు" అని నవ్వించేవాడు నన్ను. ఈ సీజనుతో ఒప్పందం అయిపోతుంది. పోయిన ఆదివారం కూడా ఎవరికో బదులుగా చివర్లో దింపారు, దిగిన కాసేపటికే ఈ దెబ్బ. రేపటి మ్యాచ్‌కి అసలు డిఫెండరు మీద నిషేధం పడింది. మొదటి నుంచీ ఆడే అవకాశం. రేపు ఆడితే ఇంకో సీజను ఉంచుకుంటారేమో. ఆడకపోతే, ఆట అక్కడితో సరి.

గేటు చప్పుడైంది.

క్లబ్బు డాక్టరమ్మ చకచకా నడిచే మనిషి. గుమ్మంలోనే చెప్పులు విడిచి, "నమస్కారం మాస్టారూ! గుర్తున్నానా? మీ స్కూలే" అంది.

"ఎందుకు గుర్తుండవమ్మా, పరుగు పందెంలో గీత తొక్కి ఏడ్చిన పిల్లవి."

"తొక్కలేదు మాస్టారూ! కాలి బొటనవేలు తగిలిందంతే. అయినా మీరు పక్కకి లాగేశారు. మీ అబ్బాయిని కూడా ఒకసారి అలాగే లాగేశారు, నాకు బాగా గుర్తు. గీత విషయంలో సొంత కొడుకని కూడా చూసేవారు కాదు."

మామయ్య నవ్వారు. అత్తయ్య నవ్వలేదు.

డాక్టరమ్మ మా ఆయన ఎదురుగా కూర్చుంది. ఎండ ఆవిడ కళ్లలో పడింది. చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"తలనొప్పి?"

"లేదండీ."

"వాంతి వచ్చినట్టు?"

"అబ్బే."

"వెలుతురు చూస్తే ఇబ్బంది?"

"లేదు."

"కళ్లెర్రగా ఉన్నాయే?"

"జలుబండీ. మా ఆవిడకి ముందొచ్చింది. నాకంటించింది."

డాక్టరమ్మ నన్ను చూసి నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు నా మొహం మీదకి ఎలా వచ్చిందో నాకు తెలియదు. నాకు జలుబు లేదు.

"సరే. ఇప్పుడు కొన్ని మాటలు చెప్తాను. అయ్యాక మీకు గుర్తున్నవి చెప్పండి. వరస ఎటుపోయినా ఫర్వాలేదు."

ఆవిడ బస్సులో స్టాపుల పేర్లు చదివినట్టు ఒకే గొంతుతో చదివింది. గొడుగు. ఇసుక. నిచ్చెన. పావురం. సబ్బు. గంట. దీపం. ఉన్ని. తాళం. చేప.

మిషను ఆగింది. అత్తయ్య కూడా వింటోంది.

"గొడుగు" అన్నాడు మా ఆయన. "ఇసుక... చేప." ఆగాడు. నేల వంక చూశాడు. "తాళం." మళ్లీ ఆగాడు. "అంతేనండీ."

నేను చదువుకున్నదాన్నే, నాకూ అన్నీ రాలేదు. కానీ ఆయన వేరు. ఆయన జ్ఞాపకం చూస్తే దడుపు పుట్టేది. బజారుకెళ్తూ నేను చెప్పినవన్నీ తేవడమే కాదు, వద్దని మనసు మార్చుకున్నవి కూడా చెప్పేవాడు. అవతలి టీములో ఎవడు ఏ కాలితో కొడతాడో, ఎవడు పక్కకి తప్పించుకునే ముందు ఏ భుజం వంచుతాడో, ఒక్కసారి చూస్తే చాలు. నన్ను మొదటిసారి చూసిన రోజు నా చేతిలో ఏ పుస్తకాలున్నాయో పెళ్లిచూపుల్లో అప్పజెప్పాడు. ఒప్పుకోక ఏం చేస్తాను?

"సరిపోయింది" అంది డాక్టరమ్మ.

"సరిపోవడమేంటండీ?" అన్నాను, ఉండబట్టలేక.

"సీజను మొదట్లో అందరికీ ఈ పరీక్ష పెడతాం కదా, తల బాగున్నప్పుడు. ఎవరి మామూలు ఏంటో తెలియాలని. దెబ్బ తగిలాక మళ్లీ పెట్టి పోల్చి చూస్తాం. మీ ఆయన అప్పుడూ ఇన్నే చెప్పారు. జ్ఞాపకం దగ్గర మొదటి నుంచీ కాస్త వెనకే. కంగారేం లేదు, కొందరు అంతే."

"ఈయనా? ఈయనకా మతిమరుపు?"

మామయ్య గట్టిగా దగ్గారు. "అమ్మాయ్, డాక్టరుగారికి టీ ఇవ్వలేదు నువ్వు."

"వద్దు మాస్టారూ. కాసేపు ఆగి ఇవే మాటలు మళ్లీ అడగాలి. ఈలోపు కారు దగ్గర నిలబడి రెండు ఫోన్లు చేసుకుని వస్తా." గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి వేలు చూపించింది. "ఎవరూ మాటలు అందివ్వకూడదు సుమా!"

ఆవిడ గేటు దాటింది.

మామయ్య తొడ మీద చరుచుకున్నారు. "శభాష్! కొలిచి పోసినట్టు చెప్పాడు చూడవే నీ కొడుకు! ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు."

"కొలవడమేంటి?" అంది అత్తయ్య.

"ఏముంది. సీజను మొదట్లోనే తెలిసి తక్కువ చెప్పి ఉంచుకుంటారు. అన్నీ తెలిసినా కొన్ని వదిలేస్తారు. తర్వాత తల మీద దెబ్బ తగిలిందనుకో, మళ్లీ అన్నే చెప్తే తేడా ఏం కనపడదు. ఆటకి అడ్డం రాదు. ఆడేవాళ్లందరూ చేసేదే. వీడికి చేత కాదేమోనని నేనే కూర్చోబెట్టి చెప్పా. ఎంతమటుకు చెప్పాలో, ఎక్కడ ఆగాలో."

"అంటే," అంది అత్తయ్య, ఒక్కో మాటా ఏరుకుంటున్నట్టు, "నా కొడుకు తల బాగున్న రోజునే బాగా లేదని చెప్పించారు."

"వాడి మంచికే."

"రేపు నిజంగా బాగా లేకపోతే ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది! నేను తండ్రిని!"

నేను ఆయన దగ్గరికి వెళ్లాను. కుర్చీ పక్కన కింద కూర్చున్నాను. "అయితే ఇప్పుడు కూడా కావాలనే వదిలేశావా నువ్వు?"

హాల్లో, అందరి ముందూ నువ్వన్నాను. ఎవరికీ పట్టలేదు.

"మరి? కావాలనే" అన్నాడు. చెయ్యి నా తల మీద వేశాడు. "నన్నేమనుకున్నావ్ పిట్టా?"

అబ్బ, ఎంత సంతోషమేసిందో! వారం రోజులుగా గుండె మీదున్న బండ దొర్లిపోయింది. మోసం మోసమే, అత్తయ్య మాట అక్షరాలా నిజమే, అయినా నాకేం పట్టలేదు. అన్నీ గుర్తున్నాయి ఆయనకి. నా మనిషి నా మనిషిలాగే ఉన్నాడు. లేచి ఆ ఎండలో ఒక చుట్టు తిరగాలనిపించింది.

"చెప్పరా" అన్నారు మామయ్య ఉత్సాహంగా. "వదిలేసినవి ఏంటో మీ అమ్మకి చెప్పు. చెప్తే గాని ఆవిడ మనసు కుదుటపడదు. ఆ, కానీ."

ఆయన నవ్వుతూ నోరు తెరిచాడు.

నవ్వు అలాగే ఉంది. మాట రాలేదు.

"నిమ్మకాయ" అన్నాడు కాసేపటికి.

అత్తయ్య తలెత్తి చూసింది.

"నిమ్మకాయ... దువ్వెన. తర్వాత..." కళ్లు మూసుకున్నాడు. "ఇంకోటుంది."

అవేవీ ఇందాకటి మాటలు కావు. దెబ్బ తగిలాక వారం మధ్యలో క్లబ్బులో ఇంకోసారి పరీక్ష పెట్టారని నాకు తర్వాత తెలిసింది. ఇవి ఆనాటి మాటలు.

మామయ్య ముందు నవ్వారు. "తమాషాలు చాలు గాని, చెప్పు."

"చెప్పా కదా నాన్నా."

"ఒరేయ్. ఆడకు నాతో."

"ఆడట్లేదు. కావాలనే వదిలేశా. ఒట్టు. వదిలేశానని నాకు తెలుసు నాన్నా, వదిలేసినవే..." ఆయన గొంతు సన్నబడింది. తప్పిపోయి దొరికిన పిల్లాడిలా ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూశాడు. "వదిలేసినవి గుర్తు పెట్టుకోవాలా?"

అత్తయ్య చేతిలో కత్తెర కింద పడింది. ఎవరూ వంగి తియ్యలేదు.

మామయ్య నిలబడ్డారు. మళ్లీ కూర్చున్నారు. డ్రిల్లు మాస్టారు కదా, ఆయన వీపు ఎప్పుడూ కర్ర పెట్టి కట్టినట్టు ఉండేది. ఆ వీపు మొదటిసారి వంగడం చూశాను. గేటు వైపు చూశారు. డాక్టరమ్మ ఇంకా ఫోనులోనే ఉంది, కారుకి ఆనుకుని.

అప్పుడైనా ఆయన లేచి ఆవిణ్ని పిలుస్తారనుకున్నాను.

కుర్చీ ముందుకు లాక్కుని, కొడుకు మోకాళ్ల మీద చేతులు పెట్టి, గొంతు తగ్గించి అన్నారు, "గొడుగు, తాళం. విన్నావా? ఆవిడ వచ్చాక ఈ రెండూ చెప్పు. రెండోసారి తక్కువ చెప్పినా ఫర్వాలేదు. మొదట్లో కూడా రెండే చెప్పించా. గొడుగు, తాళం. అను."

"గొడుగు, తాళం."

"మళ్లీ."

"గొడుగు, తాళం."

"ఏం చేస్తున్నారండీ మీరు?" అంది అత్తయ్య. "మీకు మతుండే చేస్తున్నారా?"

"నువ్వు నోరు మూసుకో."

"ఒకటో క్లాసు పిల్లాడికి చెప్పినట్టు చెప్తున్నారు! వాడికి గుర్తుండట్లేదని ఇప్పుడే చూశారు కదా! మీ కళ్లతో చూశారు కదా!"

"చూశా! చూసి ఏం చెయ్యమంటావ్?" మామయ్య గొంతు అరుపు కాదు, ఏడుపు కాదు. "రేపు ఆడకపోతే వీణ్ని మళ్లీ ఎవరు పిలుస్తారే? వీడు కూడా నాలాగా బడి పిల్లల చేత చేతులు పైకి, చేతులు కిందకి చేయిస్తూ ముసలాడైపోవాలా? ఒక్క మ్యాచ్. ఒక్కటి ఆడి, నలుగురి కళ్లలో పడి, తర్వాత ఎన్నాళ్లైనా పడుకోనీ. నువ్వే జోకొట్టు. నేను అడ్డం రాను."

"ఇంకో దెబ్బ తగిలితే?"

మామయ్య కొడుకు వైపు తిరిగారు. "గొడుగు, తాళం" అన్నారు.

"గొడుగు, తాళం" అన్నాడు మా ఆయన. వేళ్లు మడిచి పట్టుకున్నాడు, ఒక్కో మాటకీ ఒక్కో వేలు.

నేను ఆ చెయ్యి పట్టుకున్నాను. "నీకు బాగా లేదు. ఆ సంగతి నీకూ తెలుసు. ఆవిడకి చెప్దాం."

"వేలు వదులు" అన్నాడు. "మర్చిపోతా."

గేటు చప్పుడైంది.

డాక్టరమ్మ లోపలికొస్తూనే, "ఏవీ, ఇందాకటి మాటలు?" అంది.

"గొడుగు. తాళం. అంతేనండీ."

"అచ్చం అప్పటిలాగే." ఆవిడ నవ్వి సంచీ సర్దుకుంది. "మీ మతిమరుపు కూడా మీ ఆటలాగే నిలకడగా ఉందండీ. సరే, కోచ్‌కి చెప్పేస్తా."

ఆవిడ ఫోను తీసింది. నేను అడ్డంగా వెళ్లి నిలబడ్డాను. ఎందుకెళ్లానో, ఎలా వెళ్లానో తెలియదు.

"డాక్టరుగారూ, చెప్పకండి. ఈయనకి బాగా లేదు. వెలుతురు చూడలేరు. టీలో ఉప్పేసుకుని తాగారు. సీజను మొదట్లో తెలిసి తక్కువ చెప్పారు, ఇప్పుడు నిజంగానే గుర్తు లేదు. ఈ రెండు మాటలూ..."

"అదుగో, మొదలుపెట్టింది!" మా ఆయన నవ్వాడు. పెద్దగా, హాయిగా నవ్వాడు. "చూశారా డాక్టరుగారూ, పెళ్లైన దగ్గర్నుంచీ ఇదే గొడవ. బంతి కనిపిస్తే భయం ఈవిడకి. నేను గదిలోంచి బయటికి రాకుండా ఉంటే చాలు, ఇంకేం అక్కర్లేదు."

నా మొహం మండిపోయింది. మా గది సంగతి అలా హాల్లోకి ఈడుస్తాడని నేను కలలో కూడా అనుకోలేదు.

డాక్టరమ్మ ఫోను దించింది. ఆయన్ని చూసింది, నన్ను చూసింది. నవ్వు పోయింది.

"ఇది చిన్న విషయం కాదు. ఉప్పేసుకుని తాగారా, లేదా?"

"ఆటపట్టించడానికి తాగానండీ."

ఆవిడ మామయ్య వైపు తిరిగింది. "మాస్టారూ, మీరు చెప్పండి. మీ నోటితో ఒక్క మాట చెప్పండి, చాలు నాకు. మీ కోడలు చెప్పేది నిజమా?"

మామయ్య కిందపడ్డ నీలం గుడ్డ వంక చూస్తున్నారు. అత్తయ్య ఆయన వంక చూస్తోంది. ఆ చూపు నా మీద పడి ఉంటే నేను నిలబడలేకపోయేదాన్ని.

"మా కోడలు కొత్తమ్మా" అన్నారాయన. "చిన్నపిల్ల. దానికి ఆట తెలియదు. వీడు దెబ్బ తిని పడిపోవడం మొదటిసారి చూసింది కదా, బెదిరిపోయింది."

"అయితే బాగున్నాడంటారు."

"బాగున్నాడు."

డాక్టరమ్మ ఊపిరి వదిలింది. నా భుజం మీద చెయ్యి వేసింది. మంచి చెయ్యి, మెత్తటి చెయ్యి. "నేనూ ఇలాగే ఉండేదాన్ని తెలుసా, మావారు బండి నేర్చుకునేటప్పుడు" అంది. మెట్లు దిగుతూ కోచ్‌తో అనడం మా అందరికీ వినిపించింది. "ఆడొచ్చు. రేపు పెట్టుకోండి."

కారు వెళ్లిపోయింది.

మా ఆయన కళ్ల మీద అరచేతులు గట్టిగా నొక్కుకున్నాడు. ఇంతసేపూ ఎలా ఓర్చుకున్నాడో. "తెరలు వెయ్యండి ఎవరైనా" అన్నాడు. ఎవరూ కదల్లేదు. తడుముకుంటూ లేచి, గోడ పట్టుకుని గదిలోకి వెళ్లాడు.

"ఏమండీ" అంది అత్తయ్య.

మామయ్య కారు వెళ్లిన వైపే చూస్తున్నారు.

"మీ వయసంతా పిల్లల్ని గీత దగ్గర నిలబెట్టి ప్రమాణాలు చేయించారు. ఇవాళ ఆ పిల్ల మీ మాట నమ్మింది. వాణ్ని చూసి కాదు, మిమ్మల్ని చూసి నమ్మింది. తెలిసిందా?"

"తెలిసింది."

"తెలిసీ చెప్పారు."

"తెలిసే చెప్పా."

అత్తయ్య ఇక ఆయనతో మాట్లాడలేదు. నా వైపు తిరిగింది. "కోచ్ ఎక్కడుంటాడు ఇప్పుడు?"

"గ్రౌండులో. సాయంత్రం దాకా ప్రాక్టీసు."

"ఆయనతో చెప్పగలవా? ఇందాకలా ఏడుపుగొంతుతో కాదు. వీడు వదిలేసిన మాటలేంటో వీడికే తెలియదన్న సంగతి చెప్పు. ఆ ఒక్కటి చెప్తే చాలు. వాణ్ని వదిలి నేను కదల్లేను."

"చెప్తానత్తయ్యా."

"ఆలోచించుకో. చెప్పావంటే వాడి ఆట అయిపోయినట్టే. వాడు నిన్ను క్షమిస్తాడని నేను చెప్పలేను. ఆటంటే వాడికేంటో నీకంటే ముందు నుంచి చూస్తున్నా."

మామయ్య గుమ్మంలో నిలబడి ఉన్నారు. నేను వెళ్తే పక్కకి తప్పుకోలేదు, అడ్డం కూడా పెట్టలేదు. ఆయన భుజం రాసుకుంటూ దాటాల్సి వచ్చింది.

"నీ చేతులారా పాడుచేసుకుంటున్నావమ్మా" అన్నారు, మెల్లిగా. "నిన్నగాక మొన్న కట్టుకున్న కాపురం."

"రేపు మధ్యాహ్నం తర్వాత ఎవరితో చెయ్యను మామయ్యా కాపురం?"

వీధిలోకి వచ్చాను. ఎండ చురచురమంటోంది. ఎదురింటి డాబా మీద ఆరేసిన దుప్పట్లు గాలికి ఉబ్బి, తెరచాపల్లా ఊగుతున్నాయి. ఇంకో రోజైతే ఆగి చూసేదాన్ని.

వెనక నుంచి పిలుపు వినిపించింది. "పిట్టా!"

ఆయన వరండాలోకి వచ్చేశాడని గొంతు బట్టే తెలిసింది. ఆ ఎండలోకి. నేను ఆగలేదు.

"పిట్టా, ఎక్కడికి? నువ్వెళ్తే... నువ్వు వెళ్లి చెప్పావంటే ఈ ఇంటికి రాకు! వింటున్నావా? రాకు!"

వింటున్నాను. వీధంతా వింటోంది. మేడ మీద బట్టలు తీస్తున్న ఆవిడ చేతులాపి కిందకి చూసింది. నేను నడుస్తున్నాను. గ్రౌండు లైటు స్తంభాలు ఇళ్లపై నుంచి కనబడుతున్నాయి.

"పిట్టా! పి..."

పిలుపు సగంలో తెగిపోయింది.

కోపంతో లోపలికి వెళ్లిపోయాడేమో. అత్తయ్య నోరు మూసి లాక్కెళ్లిందేమో. మెట్ల మీద ఏమైనా... చెవులు రిక్కించాను. ఏ చప్పుడూ లేదు. తిరిగి చూస్తే గాని తెలియదు. తిరిగి చూశానంటే మరి గ్రౌండు దాకా వెళ్లలేను.